థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత థైరాక్సిన్, కాల్షియం మాత్రలు: వేళలు, మోతాదులు, సందేహాలు

ఖమ్మం_సుజాత
మా అమ్మకు 58 ఏళ్లు. మెడలో రెండు వైపులా గడ్డలు ఉండటంతో గత దీపావళికి ముందు థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసేశారు. బయాప్సీలో క్యాన్సర్ లేదని తేలింది. అప్పటి నుంచి థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) 100 మైక్రోగ్రాములు, కాల్షియం 500 మాత్ర రోజుకు మూడు, కాల్సిట్రయాల్ (ఒంట్లో పనిచేసే రూపంలోని విటమిన్ డీ) 0.25 మైక్రోగ్రాములు రోజుకు రెండు వాడుతోంది. అయినా సాయంత్రమయ్యేసరికి నోటి చుట్టూ తిమ్మిరిగా ఉంటుందని, వేళ్ల చివర చీమలు పాకినట్టు ఉంటుందని, రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయని చెబుతోంది. మొన్న చేయించిన రక్తపరీక్షలో కాల్షియం 7.6, ఆల్బుమిన్ 3.2, ఫాస్ఫరస్ 5.6, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను) 6, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను చాలకపోతే పెరిగే అంకె) 9.8 వచ్చాయి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రివాళ్లు డిశ్చార్జి కాగితంలో "మందులు కొనసాగించాలి" అని ఒక్క ముక్క రాసి పంపారే తప్ప ఏది ఎప్పుడు వేసుకోవాలో చెప్పలేదు. మాత్రలు మానకుండా వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగింది? కాల్షియం ఎందుకు తగ్గింది? ఈ కాల్షియం జీవితాంతం వాడాల్సిందేనా?

మందులషాపు_మావయ్య
సుజాతమ్మా, జవాబు చెప్పే ముందు రెండు ప్రశ్నలు. ఈ మాత్రలన్నీ పొద్దున ఒకేసారి వేసుకుంటున్నారా? జాబితాలో గ్యాస్ మాత్ర ఏదైనా ఉందా?

ఖమ్మం_సుజాత
రెండింటికీ అవుననే చెప్పాలి. లేవగానే థైరాక్సిన్, కాల్షియం మూడూ, కాల్సిట్రయాల్ రెండూ, పాంటోప్రజోల్ 40 అన్నీ అరచేతిలో పోసుకొని ఫిల్టర్ కాఫీతో మింగుతుంది. తెల్లవారగానే ఆ పని కాస్తా అయిపోతే రోజంతా మాత్రల గొడవ ఉండదని ఆవిడ వాదన. పాంటోప్రజోల్ ఆపరేషన్ సమయంలో కొద్ది రోజులకని రాసిన మాత్ర, ఆవిడ ఇప్పటికీ మానలేదు.

మందులషాపు_మావయ్య
అయితే మీ మొదటి రెండు ప్రశ్నలకు సగం జవాబు ఆ అరచేతిలోనే ఉంది. థైరాక్సిన్ పేగులోంచి రక్తంలోకి చేరేలోపే కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది. ఐరన్ మాత్రలు, అల్సర్‌కు ఇచ్చే సుక్రాల్‌ఫేట్, అల్యూమినియం కలిసిన యాంటాసిడ్ సిరప్పులు కూడా ఇదే పని చేస్తాయి. అందుకే వీటికీ థైరాక్సిన్‌కూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. కాఫీ సైతం దాన్ని పూర్తిగా ఒంటికి పట్టనివ్వదు. పరగడుపున మంచినీళ్లతో వేసుకొని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి, ఆ తర్వాతే కాఫీ తాగాలి.

ఇక గ్యాస్ మాత్ర సంగతి. మా దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే కాల్షియం మాత్రల్లో ఉండేది కాల్షియం కార్బొనేట్. అది కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి కాబట్టే భోజనం చేసిన వెంటనే వేసుకోమంటారు. ఆమ్లాన్ని ఆపే మాత్రతో కలిపి, అదీ ఖాళీ కడుపుతో కార్బొనేట్ మింగితే, అందులో ఒంటికి పట్టేది తక్కువ. పైగా ఒక్కసారి 500 మిల్లీగ్రాములకు మించి కాల్షియం వేసుకుంటే ఆ పైది పేగు సరిగా తీసుకోదు, అందుకే మూడు పూటలకు పంచి రాస్తారు. ఆమ్లం తగ్గితే థైరాక్సిన్ కరగడం కూడా మందగిస్తుంది. చీటీలో రాసిన మోతాదు ఒకటి, మీ అమ్మగారి ఒంటికి చేరుతున్న మోతాదు మరొకటి. ఈ సంగతి తెలియని డాక్టరు టీఎస్‌హెచ్ 9.8 చూసి థైరాక్సిన్‌ను 125కు పెంచుతారు, తర్వాత ఎవరో వేళలు సరిదిద్దుతారు, అప్పుడు గుండెదడ మొదలవుతుంది.

పెద్దమనిషి72
మావయ్య గారు మరీ భయపెడుతున్నారు. నేను చాలా ఏళ్లుగా ఎల్ట్రాక్సిన్‌ను, అంటే థైరాక్సిన్ మాత్రనే, పొద్దుటి టీతోనే వేసుకుంటున్నాను. నా టీఎస్‌హెచ్ ఎప్పుడూ 3 దాటలేదు. ఈ అరగంట, గంట లెక్కలన్నీ ఈ మధ్య పుట్టుకొచ్చినవి.

పీజీ_రెసిడెంట్
పెద్దాయన అనుభవం తప్పేమీ కాదు, కానీ దానికి కారణం వేరు. మీరు ప్రతిరోజూ టీతోనే వేసుకుంటున్నారు, మీ డాక్టరు మీ టీఎస్‌హెచ్ చూసి మోతాదు కుదిర్చారు. అంటే టీ వల్ల పోయే భాగాన్ని కూడా కలుపుకొనే మీ మోతాదు స్థిరపడింది. ఒకరోజు టీతో, ఒకరోజు నీళ్లతో, మరోరోజు ఇడ్లీ తిన్నాక వేసుకొనేవారికే ఇబ్బంది. సుజాత గారి అమ్మగారి విషయంలో అడ్డుపడేవి ఒకటి కాదు, మూడు: కాఫీ, కాల్షియం, పాంటోప్రజోల్.

నేను ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగంలో శిక్షణ పొందుతున్నాను, కాబట్టి రిపోర్టు గురించి కొంత చెబుతాను. రక్తంలోని కాల్షియంలో సగానికి కాస్త తక్కువ భాగం ఆల్బుమిన్ వంటి ప్రొటీన్లకు అంటుకొని ఉంటుంది. ఆల్బుమిన్ తగ్గితే మొత్తం కాల్షియం అంకె కూడా తక్కువగా కనిపిస్తుంది. అందుకు ఒక సవరణ లెక్క ఉంది: ఆల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువో చూసి, దాన్ని 0.8తో గుణించి, వచ్చినదాన్ని కాల్షియంకు కలపాలి. ఇక్కడ 0.8ని 0.8తో గుణిస్తే 0.64, దాన్ని 7.6కు కలిపితే 8.24. తక్కువే, కానీ 7.6 చూసి కంగారుపడినంత తక్కువ కాదు.

నిజం_నిష్ఠూరం
8.24 అంటే దాదాపు నార్మలే కదా. అలాంటప్పుడు తిమ్మిర్లు మనసు కల్పించుకున్నవై ఉండవచ్చు. మన ఇళ్లల్లో ఆపరేషన్ అయినవాళ్లకు చెప్పిన ప్రతి జాగ్రత్తా జబ్బు లక్షణంగానే కనిపిస్తుంది.

నిద్రలేని_నర్సు
ఈ మాటకు నేను ఒప్పుకోను. ఆ లెక్క ఒక అంచనా మాత్రమే. అనుమానం ఉన్నప్పుడు అయనైజ్డ్ కాల్షియం (ప్రొటీన్లకు అంటుకోకుండా విడిగా ఉన్న కాల్షియం) పరీక్ష చేయించాలి, రోగి చెప్పేది వినాలి. మా సర్జరీ వార్డులో థైరాయిడ్ తీసినవారికి సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కాల్షియం బాగా పడిపోతుంది. ఒకావిడ ఏ బాధా లేదని చెబుతూనే ఉంది. నేను బీపీ చూద్దామని పట్టీ కట్టి గాలి ఎక్కించాను. కాసేపటికే ఆవిడ మణికట్టు కిందికి వంగింది, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది, మిగతా నాలుగు వేళ్లు బిగుసుకొని ఒకదానికొకటి ఆనుకున్నాయి. పట్టీ వదిలితే గానీ చెయ్యి సడలలేదు. దీనికే ట్రూసో గుర్తు అని పేరు, పై బీపీ కంటే కొంచెం ఎక్కువకు గాలి ఎక్కించి మూడు నిమిషాలు ఉంచి చూస్తారు. వెంటనే ఈసీజీ తగిలించి, పది శాతం కాల్షియం గ్లూకోనేట్ పది మిల్లీలీటర్లను పలచన చేసి, పది నిమిషాలకు తగ్గకుండా నిదానంగా నరంలోకి ఎక్కించాం. హడావుడిగా తోసేస్తే గుండె లయ తప్పుతుంది, మందు నరం బయటకు కారితే చుట్టూ కండ చెడిపోతుంది.

సుజాత గారూ, తిమ్మిరి పెరిగి చేతులు కొంకర్లు పోయినా, గొంతు పట్టేసినట్టై ఊపిరి ఇబ్బంది అనిపించినా, ఫిట్స్ వచ్చినా ఈ చర్చలో జవాబు కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.

నిర్వాహకుడు
ఒక మనవి. ఇక్కడ ఎవరూ ఎవరికీ మోతాదు పెంచమనో తగ్గించమనో చెప్పకూడదు. ఏం జరుగుతోందో వివరించవచ్చు, డాక్టరును ఏమడగాలో చెప్పవచ్చు.

రాగిముద్ద_రెడ్డి
ఈ రసాయనాలన్నీ ఎందుకు? వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. పొద్దున రాగిజావ, రాత్రి రాగిముద్ద, మధ్యలో నువ్వులుండ తింటే మాత్ర అవసరం రాదు. మా అనంతపురంలో పాతకాలం వాళ్లకు కాల్షియం మాత్ర అంటేనే తెలియదు.

పీజీ_రెసిడెంట్
రెడ్డి గారూ, రాగిముద్ద మీద నాకూ గౌరవమే. అయితే మీ పాతకాలం వాళ్లకు పారాథైరాయిడ్ గ్రంథులు ఉన్నాయి. థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత సైజులో మామూలుగా నాలుగు ఉండే ఈ గ్రంథులు పీటీహెచ్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. థైరాయిడ్ తీసేటప్పుడు వాటికి రక్తం అందించే సన్నని నాళాలు దెబ్బతినవచ్చు, ఒక్కోసారి గ్రంథే తెలియకుండా బయటకు వచ్చేయవచ్చు. ఈ హార్మోను ఎముక నుంచి కాల్షియం తెప్పిస్తుంది, మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతుంది, ఫాస్ఫేట్‌ను బయటకు పంపుతుంది, మూత్రపిండాల్లో విటమిన్ డీని పనిచేసే రూపంలోకి మారుస్తుంది. ఆ చివరి రూపమే కాల్సిట్రయాల్. అది లేకపోతే తిన్న రాగుల్లోని కాల్షియం పేగు దాటి లోపలికి రావడం కష్టం. సుజాత గారి రిపోర్టులో మూడు అంకెలు కలిపి చూస్తే కథ అర్థమవుతుంది: కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తగ్గినప్పుడు పెరగాల్సిన పీటీహెచ్ 15 నుంచి 65 మధ్య ఉండాల్సింది పోయి 6 దగ్గర కూర్చుంది.

రాగులు మానమని కాదు, మాత్రకు బదులు కాదని మాత్రమే అంటున్నాను.

రాగిముద్ద_రెడ్డి
వివరంగా చెప్పారు, మాత్ర విషయం ఒప్పుకుంటాను. ముద్ద విషయంలో మాత్రం తగ్గేది లేదు.

గోదారిగట్టు
నాదొక సందేహం. మా వీధిలో ఆర్‌ఎంపీ అందరికీ 60,000 యూనిట్ల విటమిన్ డీ సాచెట్ వారానికొకటి ఇస్తాడు. సుజాత గారి అమ్మగారికి ఖరీదైన కాల్సిట్రయాల్ బదులు అదే సరిపోదా? రెండూ విటమిన్ డీయే కదా.

మందులషాపు_మావయ్య
కౌంటరు దగ్గర రోజూ వినే ప్రశ్న ఇది. సాచెట్‌లో ఉండేది కొలికాల్సిఫెరాల్, అంటే ముడిసరుకు. దాన్ని మొదట కాలేయం, తర్వాత మూత్రపిండం మార్చాలి. రెసిడెంటు గారు చెప్పినట్టు పీటీహెచ్ లేకపోతే ఆ రెండో మెట్టు దగ్గరే పని ఆగిపోతుంది. కాల్సిట్రయాల్ ఆ మెట్టు దాటేసిన మందు. ఒంట్లో విటమిన్ డీ నిల్వ తక్కువగా ఉంటే డాక్టర్లు రెండూ ఇస్తారు, కానీ ఒకదాని బదులు ఇంకొకటి ఇవ్వరు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి. మాత్ర పట్టీ మీద "500" అన్న అంకె చూసి మోసపోకండి. కాల్షియం కార్బొనేట్‌లో అసలు కాల్షియం 40 శాతమే. 1250 మిల్లీగ్రాముల కార్బొనేట్ ఉంటేనే 500 వస్తుంది. షెల్‌కాల్ 500 వంటి వాటి మీద ఈ రెండు అంకెలూ ఉంటాయి. సిట్రేట్ అయితే 21 శాతమే కాబట్టి వెయ్యి మిల్లీగ్రాముల మాత్రలో 210 మాత్రమే దొరుకుతుంది, అయితే దానికి ఆమ్లం అక్కర్లేదు, భోజనంతో పనిలేదు. గ్యాస్ మాత్ర మానలేనివారికి సిట్రేట్ మేలన్నది అందుకే. బ్రాండు మారినప్పుడల్లా వెనకవైపు సన్న అక్షరాలు చదవాలి.

గోదారిగట్టు
ఆ అక్షరాలు చదవడానికి ముందు కళ్లడాక్టరు దగ్గరకు వెళ్లాలి మావయ్య గారూ.

కాకినాడ_కొడుకు
సాచెట్ల మాట వచ్చింది కాబట్టి దీనికి పూర్తిగా ఎదురు దిక్కున ఉన్న సంగతి చెబుతాను. మా నాన్నకు మోకాళ్ల నొప్పులని ఒకచోట 6 లక్షల యూనిట్ల విటమిన్ డీ ఇంజెక్షన్లు మళ్లీ మళ్లీ వేశారు, దానితో పాటు సాచెట్లూ కాల్షియం మాత్రలూ నడిచాయి. కొన్నాళ్లకు ఆయనకు అన్నం సహించలేదు, మలబద్ధకం, విపరీతమైన దాహం, రాత్రంతా మూత్రం, చివరకు మాటలో తడబాటు. మతిమరుపు జబ్బేమోనని అనుకున్నాం. పరీక్షలో కాల్షియం 13.8 ఉంది, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. ఆసుపత్రిలో చేర్చుకొని సెలైన్ బాగా ఎక్కించారు, స్టెరాయిడ్ ఇచ్చారు, ఎముక నుంచి కాల్షియం రాకుండా ఆపే జోలెడ్రోనిక్ ఆమ్లం ఒక డోసు వేశారు. కాల్షియం దిగివచ్చాక కూడా చాలాకాలం రక్తపరీక్షలు ఆపలేదు. తగ్గిపోయిందని అనుకున్నాక మళ్లీ పెరుగుతుందని వాళ్లు ముందే చెప్పారు.

పీజీ_రెసిడెంట్
కొలికాల్సిఫెరాల్ కొవ్వులో నిల్వ ఉండిపోతుంది కాబట్టి దాని విషప్రభావం నెలల తరబడి సాగుతుంది. కాల్సిట్రయాల్ వల్ల కాల్షియం పెరిగితే మందు ఆపిన కొద్ది రోజుల్లోనే దిగుతుంది. ఆ విధంగా చూస్తే కాల్సిట్రయాల్ ఖరీదైనా విధేయమైన మందు. మీ నాన్నగారి వంటి కేసుల్లో పీటీహెచ్ కూడా చూస్తారు. కాల్షియం పెరిగినప్పుడు పీటీహెచ్ అణిగి ఉంటే విటమిన్ డీ, క్యాన్సర్ వంటి కారణాలు వెతుకుతారు. పీటీహెచ్ కూడా ఎక్కువగా ఉంటే పారాథైరాయిడ్‌లోనే కణితి ఉందని అనుమానిస్తారు. దానికి అసలు చికిత్స ఆపరేషన్. ఆపరేషన్‌కు తట్టుకోలేనివారికి పీటీహెచ్‌ను తగ్గించే సినకాల్సెట్ మాత్ర ఉంది. బీపీకి వాడే థయాజైడ్ మాత్రలు, మానసిక సమస్యలకు వాడే లిథియం కూడా కాల్షియంను పైకి నెడతాయి కాబట్టి డాక్టరుకు మందుల జాబితా మొత్తం చూపించాలి.

ల్యాబ్_లక్ష్మి
అంకెల గురించి ఇంత చర్చ జరుగుతోంది కాబట్టి అంకె ఎక్కడ చెడిపోతుందో కూడా చెబుతాను. రక్తం తీసేటప్పుడు ఊదారంగు మూత ఉన్న గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది, అది కాల్షియంను పట్టేసుకుంటుంది. తొందరలో ఎవరైనా ఆ గొట్టంలోని రక్తాన్ని ఇంకో గొట్టంలోకి వంపితే కాల్షియం అతి తక్కువగా, పొటాషియం అతి ఎక్కువగా వస్తాయి. ఈ రెండూ కలిసి కనిపిస్తే మేము మళ్లీ శాంపిల్ అడుగుతాం. చేతికి కట్టిన పట్టీని ఎక్కువసేపు బిగించి ఉంచితే మొత్తం కాల్షియం కొంచెం పెరిగి కనిపిస్తుంది.

జుట్టు రాలుతోందని థైరాయిడ్ రోగుల్లో చాలామంది బయోటిన్ మాత్రలు వేసుకుంటారు. కొన్ని రకాల యంత్రాల్లో బయోటిన్ పరీక్షనే తికమకపెట్టి టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను (థైరాయిడ్ హార్మోనును) ఎక్కువగా చూపిస్తుంది. ఏ జబ్బూ లేనివారికి హైపర్ థైరాయిడ్ ఉన్నట్టు కాగితం వస్తుంది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దీనిపై హెచ్చరిక కూడా చేసింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి, ఎక్కువ మోతాదులో వాడేవారు ఎన్ని రోజులు ఆపాలో ముందే అడగాలి.

విజయవాడ_వెంకట్
మా ఇంట్లో పరిస్థితి విచిత్రంగా ఉంది. మా ఆవిడకు థైరాయిడ్ ఎక్కువ, మా అమ్మకు తక్కువ. ఇద్దరి టీఎస్‌హెచ్‌నూ కలిపి సగటు తీస్తే ఇల్లు నార్మల్. ఆవిడకు నియో మెర్కజోల్ రాశారు, రోజుకు 20 మిల్లీగ్రాములు. దీని గురించి ఎవరైనా చెప్పగలరా?

పీజీ_రెసిడెంట్
అందులో ఉండేది కార్బిమజోల్. ఒంట్లోకి వెళ్లాక మెథిమజోల్‌గా మారి, గ్రంథి హార్మోను తయారుచేయడాన్ని అడ్డుకుంటుంది. గ్రంథిలో అప్పటికే నిల్వ ఉన్న హార్మోను ఖర్చయ్యేదాకా లక్షణాలు తగ్గవు కాబట్టి కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఆలోగా గుండెదడకు, చేతి వణుకుకు ప్రొప్రనొలాల్ ఇస్తారు, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. గ్రేవ్స్ జబ్బైతే (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను అతిగా పనిచేయిస్తే) సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడి ఆపి చూస్తారు. తిరగబెడితే రేడియో అయోడిన్ గానీ ఆపరేషన్ గానీ ఆలోచిస్తారు. మొదట్లో టీఎస్‌హెచ్ నెలల తరబడి అణిగే ఉంటుంది, అందువల్ల చికిత్సను ఫ్రీ టీ4, టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ల అంకెలు చూసి నడుపుతారు. మందు పనిచేయడం లేదని కంగారుపడకండి.

ఒక్క విషయం మాత్రం గోడ మీద రాసిపెట్టుకోండి. ఈ మందు వాడుతుండగా జ్వరంతో పాటు గొంతునొప్పి గానీ నోటిపూత గానీ వస్తే మందు ఆపి అదే రోజు రక్తంలో తెల్లకణాల సంఖ్య చూపించాలి. తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయే ఈ ఇబ్బంది వెయ్యిమందిలో కొద్దిమందికే వస్తుంది, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో వస్తుంది, కానీ వచ్చినప్పుడు నిర్లక్ష్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఇప్పుడే డాక్టరుకు చెప్పండి. మొదటి మూడు నెలల్లో సాధారణంగా ప్రొపైల్‌థయోయురాసిల్‌కు మారుస్తారు, ఆ మందుకు కాలేయాన్ని దెబ్బతీసే గుణం ఉంది కాబట్టి అందరికీ మొదటే ఇవ్వరు.

విజయవాడ_వెంకట్
ఆవిడకు పోయినవారం రక్తంలో కాల్షియం 10.7 వచ్చింది. అది కూడా దీని వల్లేనా?

పీజీ_రెసిడెంట్
కావచ్చు. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఎముక అరుగుదల పెరిగి కొంత కాల్షియం రక్తంలోకి వస్తుంది, చికిత్సతో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే పీటీహెచ్ చూడమని అడగండి.

హైదరాబాద్_స్వాతి
నాకు నాలుగో నెల, ముందునుంచీ థైరాక్సిన్ 75 వాడుతున్నాను. ఏఎన్‌ఎం గారు ఐరన్ మాత్రలూ రోజుకు రెండు కాల్షియం మాత్రలూ ఇచ్చారు. ఈ చర్చ చదివాక వీటన్నిటినీ ఎక్కడ సర్దాలో అర్థం కావడం లేదు.

నిద్రలేని_నర్సు
ఐరన్‌కూ కాల్షియంకూ కూడా పడదు స్వాతీ, మూడింటినీ విడదీయాలి. మా దగ్గర గర్భిణులకు చెప్పే పద్ధతి ఇది: నిద్ర లేవగానే నీళ్లతో థైరాక్సిన్, మధ్యాహ్న భోజనంతో ఒక కాల్షియం, సాయంత్రం నాలుగైదు గంటలకు నిమ్మరసంతో ఐరన్, రాత్రి భోజనంతో రెండో కాల్షియం. గర్భం నిలిచిన తొలి వారాల్లోనే థైరాక్సిన్ అవసరం పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుతుంది. నాలుగో నెల దాకా టీఎస్‌హెచ్ చూపించుకోకపోతే ఈ వారమే చూపించుకోండి.

గుంటూరు_షఫీ
రంజాన్ నెలలో థైరాక్సిన్ సంగతి ఏమిటి? సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) వేళ లేచీ లేవగానే తినాలి, అరగంట ఆగే వ్యవధి ఉండదు.

మందులషాపు_మావయ్య
షఫీ భాయ్, రాత్రి పడుకొనే ముందు వేసుకోవచ్చు, చివరి భోజనానికీ దానికీ మూడు గంటల ఎడం ఉంటే చాలు. నెదర్లాండ్స్‌లో చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రాత్రి వేసుకొన్నప్పుడే టీఎస్‌హెచ్ ఇంకా మెరుగ్గా తగ్గింది. రంజాన్‌లో తరావీహ్ (రాత్రి ప్రార్థన) అయ్యాక ఏమీ తినకుండా నిద్రపోయేవారికి కుదురుతుంది. ఒక్కరోజు మరిచిపోయినా కంగారు అక్కర్లేదు, థైరాక్సిన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు వారం పడుతుంది. కాల్షియం, కాల్సిట్రయాల్ మీద బతికేవారి సంగతి వేరు. వారికి కొన్ని గంటల ఆలస్యమే తిమ్మిర్లు తెస్తుంది, అందుకని రోజా మొదలుపెట్టే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

పెద్దమనిషి72
రాత్రి మాత్ర మంచిదే అయితే మన డాక్టర్లు పొద్దునే ఎందుకు రాస్తారు? మన ఇళ్లల్లో రాత్రి తొమ్మిదిన్నరకు భోంచేసి పదికి పడుకుంటారు. మూడు గంటల ఎడం ఎక్కడ దొరుకుతుంది? నా ఉద్దేశంలో పొద్దునే మేలు.

మందులషాపు_మావయ్య
ఈ మాటకు మాత్రం పెద్దాయనతో వాదన లేదు. ఎవరి ఇంట్లో ఏ పూట కడుపు ఖాళీగా ఉంటుందో ఆ పూటే మేలు.

డల్లాస్_తెలుగోడు
మా చెల్లెలికి ఆపరేషన్ తర్వాత పారాథైరాయిడ్లు శాశ్వతంగా పోయాయి. ఇక్కడ లోపించిన హార్మోనునే ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. నాట్‌పారా అనే మందుకు 2015లో అనుమతి వచ్చింది. సిరంజి గుళికలోని రబ్బరు తునకలు మందులో కలుస్తున్నాయని 2019లో అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు, 2024 చివరితో తయారీనే ఆపేశారు. 2024 ఆగస్టులో యోర్విపాథ్ అనే రోజుకొక ఇంజెక్షన్‌ను ఎఫ్‌డీఏ అనుమతించింది. అది మొదలయ్యాక చెల్లెలికి కాల్షియం, కాల్సిట్రయాల్ మాత్రలు చాలావరకు తగ్గాయి. ధర మాత్రం ఇన్సూరెన్స్ లేనిదే ఊహించలేం.

నిజం_నిష్ఠూరం
ధర మాట అటుంచి, సుజాత గారి మూడో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. జీవితాంతమా, కాదా?

పీజీ_రెసిడెంట్
థైరాక్సిన్ జీవితాంతమే, అందులో సందేహం లేదు, గ్రంథే లేదు కాబట్టి. కాల్షియం సంగతి అంత తొందరగా తేల్చకూడదు. ఆపరేషన్ తర్వాత పడిపోయిన పారాథైరాయిడ్లు చాలామందిలో కొన్ని వారాల్లో, నెలల్లో కోలుకుంటాయి. ఆరు నెలలు దాటినా కోలుకోకపోతే శాశ్వతమని ఇదివరకు అనేవారు, ఇప్పుడు ఏడాది దాకా చూడమంటున్నారు. మీ రిపోర్టులో నాకు కనిపించని అంకె ఒకటుంది, అది మెగ్నీషియం. పాంటోప్రజోల్ వంటి మందులను నెలల తరబడి వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుంది. మెగ్నీషియం బాగా తగ్గితే పారాథైరాయిడ్లు బతికి ఉన్నా పీటీహెచ్‌ను విడుదల చేయవు, ఎంత కాల్షియం పోసినా అంకె లేవదు. అది చూడకుండా శాశ్వతమనే ముద్ర వేయడం న్యాయం కాదు. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని కూడా డాక్టరును అడగండి.

ఖమ్మం_సుజాత
అన్నీ కాగితం మీద రాసుకొని నిన్న ఎండోక్రైనాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లాను. మెగ్నీషియం 1.3 వచ్చింది, ఉండాల్సింది 1.7 పైన. పాంటోప్రజోల్ ఆపించారు, మెగ్నీషియం మాత్ర రాశారు. కార్బొనేట్ బదులు సిట్రేట్‌ను మూడు పూటలకు పంచారు, కాల్సిట్రయాల్ మోతాదు మార్చకుండా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చేశారు. థైరాక్సిన్ కూడా 100లోనే ఉంచి, తెల్లవారుజామున ఐదింటికి నీళ్లతో వేసుకోమన్నారు, కాఫీ ఆరున్నర తర్వాతే. అమ్మకు అన్నిటికంటే ఈ కాఫీ వాయిదానే శిక్షగా ఉంది. వారంలో కాల్షియం, మెగ్నీషియం చూస్తారట, టీఎస్‌హెచ్ మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతేనట. కాల్షియంను 9.5 దాకా తీసుకురమ్మని నేను అడిగితే ఆయన ఒప్పుకోలేదు. 8 నుంచి 8.5 మధ్య, తిమ్మిర్లు లేకుండా ఉంటే చాలన్నారు. ఎందుకో వివరించే సమయం ఆయనకు లేకపోయింది. 24 గంటల మూత్రపరీక్ష కూడా రాశారు.

పీజీ_రెసిడెంట్
ఆయన చెప్పింది సరైన లక్ష్యం. పీటీహెచ్ లేనప్పుడు మూత్రపిండం కాల్షియంను నిలుపుకోలేదు. రక్తంలో అంకెను మందులతో పైకి లాగినకొద్దీ అది మూత్రంలోకి ఒలుకుతూ రాళ్లు కట్టవచ్చు, మూత్రపిండంలోనే పేరుకోవచ్చు. అందుకే లక్షణాలు రాని కనీస స్థాయిలో ఉంచుతారు. మూత్రంలో ఎక్కువగా పోతున్నట్టు తేలితే కొందరికి థయాజైడ్ ఇస్తారు. అది మూత్రంలో కాల్షియం పోవడాన్ని తగ్గిస్తుంది. కాల్షియం ఎక్కువైనవారికి, కాకినాడ మిత్రుని నాన్నగారి వంటివారికి, కీడు చేయగల గుణమే ఇక్కడ మందుగా ఉపయోగపడుతుంది.

ఖమ్మం_సుజాత
ఆ 24 గంటల మూత్రం ఎలా పట్టాలి? ల్యాబువాళ్లు డబ్బా చేతికిచ్చి పంపేశారు.

ల్యాబ్_లక్ష్మి
పొద్దున లేచాక మొదటిసారి వెళ్లింది డబ్బాలో పోయకూడదు, ఆ సమయం మాత్రం రాసుకోవాలి. అక్కడి నుంచి పగలూ రాత్రీ వెళ్లిన ప్రతిసారీ అందులోనే పోయాలి. మర్నాడు పొద్దున అదే సమయానికి వెళ్లింది కూడా కలపాలి, దానితో ముగిసినట్టు. మధ్యలో ఒక్కసారి మరిచిపోయినా మళ్లీ మొదటినుంచి పట్టాలి. డబ్బాలో అడుగున ముందే ఆమ్లం పోసి ఉందేమో అడగండి, ఉంటే నేరుగా అందులో పోయించకుండా వేరే మగ్గులో పట్టి నెమ్మదిగా వంపండి, చేతుల మీద పడితే కాలుతుంది. డబ్బాను నీడన ఉంచండి, మీద పేరు, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం రాయండి. ఆ రోజు కాల్షియం మాత్రలు మామూలుగానే వేయండి, లేకపోతే ఆ పరీక్షకు అర్థం లేదు.